మంచం కింది కట్టెలు

తగవు నిన్నటిదీ కాదు, మొన్నటిదీ కాదు. ఈ ముసురు పట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక కాస్త సద్దుమణిగి, తెల్లవారి ఇనుప పొయ్యి తలుపు కిర్రుమనగానే ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలైంది.

మరదలు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని గొట్టంతో ఊదుతోంది. లోపల పెట్టిన కట్టె కొసన నురగ కక్కుతోంది, బుస్సుమంటోంది, పొగ చిమ్ముతోంది. మండడం మాత్రం లేదు. ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఈ కట్టె అంటుకునేలోగా తను అంటుకునేట్టున్నానని గోడతో చెప్పింది. గోడతో చెప్పినవన్నీ వదినగారికేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు బూట్లు వేసుకుంటూ తలెత్తలేదు. ఆడవాళ్ళిద్దరి మధ్య మాట నడిచేటప్పుడు అతని బూటు లేసులు ఎంతసేపటికీ ముడిపడవు.

పెద్దక్క కిటికీ దగ్గర నిలబడి శాలువాను నడుముకు బిగించి కట్టుకుంటోంది. ఆమె ఆ ఇంట్లో తమ్ముడికి అక్క, మరదలికి వదిన, మేనకోడలికి అత్త. పనిచేసే లాండ్రీలో ముసలీ ముతకా అందరికీ పెద్దక్క. ఏభై దాటినా నడుం వంగని మనిషి. చేతులు మాత్రం మోచేతుల దాకా ఎర్రగా, ఉడికిపోయినట్టుంటాయి. అరచేతుల్లో గీతలు అరిగిపోయి, వాటికి బదులు కట్టె పేళ్ళు గుచ్చుకుని మానిన నల్లటి మచ్చలు మిగిలాయి.

మరదలు చివరికి గోడను వదిలి వదిన వైపే తిరిగింది.

"ఒక్క పూట వదినా. ఈ ఒక్క పూటకి ఎండుది పెడదాం. అత్తయ్య రాత్రంతా దగ్గుతూనే ఉంది. పొగ తగలనివ్వద్దని ఆ డాక్టరు నీ ముందేగా చెప్పాడు."

"చలి ఇంకా ముదరనే లేదు. ముదిరాక ఏం పెడతావు?"

పొయ్యికి ఎదురుగా, వెచ్చదనం తగిలేంత దగ్గరలో, తల్లి మంచం ఉంది. ఆ మంచం కిందే ఎండు కట్టెలు ఉన్నాయి. నేల మీద ఇటుకలు పరిచి, వాటి మీద పలకలు వేసి, నులక తగిలేదాకా పేర్చిన చీలికలు. అన్నీ ఒకే పొడుగు, కొసలన్నీ నెర్రెలిచ్చి, ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమని మోగుతాయి. వాటిని పెద్దక్క తప్ప ఎవరూ తియ్యరు. పెద్దక్క ఎప్పుడూ తియ్యదు.

తల్లి దగ్గు ఆపుకుని, మూలిగి, దుప్పటిలోంచి మొహం బయటపెట్టింది. "ఎలాగూ కట్టెల మీదే పడుకుని ఉన్నానుగా," అంది. "ఆ అంటించేదేదో కాస్త ముందు అంటిస్తే పోయిందేముంది, ఇల్లైనా వెచ్చబడుతుంది."

తమ్ముడికి నవ్వొచ్చి, రాకూడదని తోచి, బూటులోకి తలదూర్చాడు. మరదలు మాత్రం నవ్వలేదు.

"పెద్దదానా," అంది తల్లి, ఈసారి వేళాకోళం లేకుండా. "ఒక్క మొద్దు పెట్టవే."

"అవసరానికి దాచమని నువ్వే కదమ్మా చెప్పావు."

"నా మాట నాకే అప్పజెప్తున్నావా."

ఆ మాటలో కోపం లేదు. అలిసిపోయిన మనిషి తన చేతిసంచీ తనే మోసుకోవలసి వచ్చినప్పుడు అన్నట్టు అంది. పెద్దక్క వంగి తల్లి కాళ్ళ కింద దుప్పటి దోపింది. సాయంత్రం చలి పెరిగితే చూద్దామంది. సాయంత్రం కాకపోతే రేపు. ఆ ఇంట్లో ఎండు కట్టె ఎప్పుడూ రేపు మండేదే.

పనికి వెళ్ళే ముందు ఆమె కట్టెలు ముందుకు జరపాలి. ఈ ఊళ్ళో ఏడాదిలో సగం రోజులు వాన, మిగతా సగం వాన వచ్చేట్టుంటుంది. ఉతికిన బట్ట తీగ మీదే వాసన పడుతుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దయిపోతుంది. గోడలకు సున్నం వేస్తే అది ఆరేలోపే బూజు దాని మీద పటాలు గీస్తుంది. అటువంటి చోట పచ్చికట్టెను ఎండుకట్టె చెయ్యడమంటే పిల్లను పెంచడమే. కొత్తగా కొన్నది పెరట్లో, చూరు కింద, గోడకు చెయ్యి పట్టేంత ఎడంగా పేర్చాలి. పైన మాత్రమే పరదా కప్పాలి. పక్కలు కప్పితే లోపల ఉడికి బూజు పడుతుంది. అక్కడ తడి వదిలింది వసారాలోకి వస్తుంది. వసారాలో బెరడు వదులైంది నడవలోకి వస్తుంది. నడవలోంచి పొయ్యి పక్కకు, పొయ్యి పక్క నుంచి మంచం కిందకు. ఇల్లంతా కట్టెల దారే. మనుషులు ఆ దారి పక్కనుంచి ఒదిగి నడవాలి. మేనకోడలు బడి సంచీ భుజాన వేసుకుని అడ్డంగా నడవడం చూసి, ఎండ్రకాయలా నడుస్తోందని తమ్ముడు ఏడిపిస్తుంటాడు.

పొయ్యిలోకి వెళ్ళేది మాత్రం పొయ్యి పక్కకు వచ్చిన సగం ఎండినదే. పూర్తిగా ఎండింది మంచం కిందకు పోతుంది. అలా ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో మండింది సగం ఎండిన కట్టె, కళ్ళలోకి వచ్చింది దాని పొగ. ఇదేం లెక్క అని కాపురానికి వచ్చిన కొత్తలో మరదలు అడిగింది. ఎండుది అయిపోతే అప్పుడు తెలుస్తుంది అని పెద్దక్క జవాబిచ్చింది.

ఆమెకు తెలుసు. ఆమె చిన్నప్పుడు ఒక ఏడు వాన వచ్చి పోవడం మరిచిపోయింది. బండి తోలే నాన్న జ్వరంతో మంచం పట్టాడు. అమ్మ అప్పటికి చిన్నది, చేతి ధారాళం ఎక్కువ. ఉన్న ఎండు కట్టెంతా ముసురు మొదట్లోనే మంటపెట్టి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని వెచ్చగా కబుర్లు చెప్పింది. తర్వాత పచ్చికట్టె మండలేదు. ముందు పీట కాల్చారు. తర్వాత గూటి తలుపులు కాల్చారు. ఉయ్యాల కాల్చేనాటికి అందులో పడుకోవలసిన చెల్లెలు లేదు. ఆ ఏడు దాటాక అమ్మ మళ్ళీ ఎప్పుడూ ధారాళంగా మంట పెట్టలేదు. పెద్దపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎండుది అవసరానికి, తడిది పూటకి అని నేర్పింది. పిల్ల నేర్చుకుంది. ఆ తర్వాత తమ్ముడు పుట్టాడు, పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, నాన్న పోయాడు, ఎన్నో ముసుర్లు వచ్చిపోయాయి. ప్రతిదానిలోనూ దీనికన్నా పెద్దది ముందుందేమోనన్న భయమే నెగ్గింది. అవసరం ఎలా ఉంటుందో పెద్దక్క ఎప్పుడూ ఎదురుపడి చూడలేదు. ఎదురుపడినా పోల్చుకునేది కాదేమో.

లాండ్రీ రెండు వీధులవతల. పొడుగాటి పెంకుల కొట్టం. ఒక చివర తొట్లు, ఇంకో చివర ఆరబెట్టే గది. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు, ఎవరెవరివో చొక్కాలు. ఇక్కడి వానలో ఏదీ తనంతట తాను ఆరదు కాబట్టే ఆ లాండ్రీకి గిరాకీ. ఆరబెట్టే గదిలో వేడి గొట్టాల మధ్య తీగలు కట్టి ఉంటాయి. తడి దుప్పటి ఎత్తి తీగ మీద విసిరి, అంచులు లాగి, ఆరినదాన్ని తీసి, మడతపెట్టి బుట్టలో వెయ్యడం పెద్దక్క పని. ఇంట్లో కట్టె ఆరబెట్టి, ఇక్కడ బట్ట ఆరబెట్టి, తన బతుకంతా తడి మీద వేసిన దావాలా ఉందని ఆమే ఒకసారి నవ్వుతూ అంది. తీర్పు ఎప్పుడొస్తుందని తోటివాళ్ళు అడిగారు.

ఆ తోటివాళ్ళే చాటుగా ఆమెను పొదుపక్క అంటారు. సబ్బు ముక్క చివరను ఇంకో సబ్బుకు అతికిస్తుంది, టీ గ్లాసులో అడుగు వదిలిపెట్టదు, లాండ్రీ ఇచ్చిన కొత్త చెప్పులు పెట్టెలో పెట్టి పాతవి తాడుతో కట్టుకుంటుంది. అంతకన్నా పెద్దది ఆమె ఇంకొకటి దాచింది. చాలా ఏళ్ళ కిందట బాయిలరు చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. మాటకారి కాదు. మధ్యాహ్నం ఆమె రొట్టెను బాయిలరు మూత మీద వెచ్చబెట్టి ఇచ్చేవాడు. ఒకనాడు పెళ్ళి మాట ఎత్తాడు. తమ్ముడి చదువు కానిమ్మంది. చదువయ్యాక, తమ్ముడికి పని దొరకనిమ్మంది. పని దొరికాక, అమ్మ కంటి ఆపరేషను అవనిమ్మంది. అతను చూసి చూసి, వేరే ఊళ్ళో పని చూసుకుని, అక్కడే ఎవరినో చేసుకున్నాడు. వెళ్ళే రోజు బాయిలరు వెనక ఎండిన చీలికలు ఒక మోపు కట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నీకు ఇంతకంటే ఇష్టమైంది ఏముంటుందో నాకు తెలియలేదు అన్నాడు. అది ఎగతాళో కాదో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ మోపూ మంచం కిందే ఉంది, అన్నిటికన్నా వెనక వరసలో.

ఈరోజు దుప్పట్లు విసురుతుంటే ఆమె చెవిలో తల్లి దగ్గు వినిపిస్తూనే ఉంది. పక్కన తువ్వాళ్ళు మడతపెడుతున్న ఆవిడ తన అత్తగారికి కూడా అలాగే మొదలైందని, ఎలా ముగిసిందో మాత్రం అడగొద్దని చెప్పింది. పెద్దక్క అడగలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఒకటి తీద్దామనుకుంది. ఒకటి తీస్తే ఆ వరస వదులైపోతుంది. వరస వదులైతే మరదలు ఇంకోటి తీస్తుంది. లెక్క మళ్ళీ మొదటికే వచ్చింది.

మధ్యాహ్నం తొట్ల దగ్గర ఒక్కసారి కలకలం రేగింది. చుట్టమొచ్చాడు, చుట్టమొచ్చాడు అని ఎవరో అరిచారు. ఆ ఊళ్ళో ఎండను అలాగే పిలుస్తారు. మబ్బు ఒకపక్క చిరిగి, కొట్టం గుమ్మంలో పచ్చటి ఎండ పడింది. ఇలాంటప్పుడు ఊరంతా పిచ్చెత్తినట్టు పరుపులు, చాపలు, బూట్లు, పప్పుల డబ్బాలు బయటికి మోస్తుంది. పెద్దక్క తిండి విరామం అడిగి గబగబా బయటపడింది. కట్టెలు బోర్లించాలి. పొదుపక్క పెళ్ళివారికి ఎదురెళ్తోందని వెనక ఎవరో అన్నారు.

వీధి మలుపు తిరగగానే ఆమె కళ్ళు ఎప్పుడూ వెళ్ళేది ఇంటి పొగగొట్టం మీదకే. పొద్దున్న దానిలోంచి తెల్లటి పొగ, బరువుగా, పైకి పోలేక పెంకుల మీద పొర్లుతూ ఉంది. ఇప్పుడు గొట్టం మీద పొగ లేదు. గాలి మాత్రం సన్నగా వణుకుతోంది. ఎండు కట్టె మండితేనే అలా ఉంటుంది. ఆమె నడక పరుగైంది.

గుమ్మం తెరవగానే వెచ్చదనం మొహానికి తగిలింది. గది గదిలా లేదు. మూలలు కనిపిస్తున్నాయి. పొయ్యి తలుపు సందులోంచి మంట గలగలా నవ్వుతున్నట్టు మోగుతోంది. తల్లి దిళ్ళకు ఆనుకుని లేచి కూర్చుని ఉంది. మరదలు తల దువ్వి జడ వేసినట్టుంది. బుగ్గల మీదకు ఎప్పుడో పోయిన రంగు కాస్త తిరిగొచ్చింది. దగ్గు లేదు.

"రావే," అంది తల్లి. "ఇలా కూర్చో. చెయ్యి ఇలా పెట్టి చూడు, ఎంత వెచ్చగా ఉందో."

పెద్దక్క తల్లి చెయ్యి చూడలేదు. మంచం కింద చూసింది. ముందు వరసలో ఊడిన పళ్ళ సందులా నల్లటి ఖాళీ. మరదలు దొరికిపోయిన దొంగలా కాదు, దొరికితే దొరికానన్నట్టు నిలబడి ఉంది.

పెద్దక్క అరవలేదు. అరిచి ఉంటే మరదలు కూడా అరిచేది, తల్లి ఇద్దరినీ తిట్టేది, మంట తన దారిన తను మండేది. ఆమె పటకారు తీసుకుని, పొయ్యి తలుపు తెరిచి, మండుతున్న మొద్దులు రెండు బయటికి లాగి, బూడిద తొట్టిలో పొర్లించి ఆర్పింది. పొయ్యి పక్కనున్న సగం ఎండిన కట్టె తీసి లోపల పెట్టింది.

"పొయ్యి వేడెక్కిందిగా. ఇక దీంతో లాగుతుంది."

"సాయంత్రం దాకా ఉండనివ్వు వదినా," అంది మరదలు. గొంతు చాలా చిన్నదైపోయింది.

"సాయంత్రం కూడా చలే ఉంటుంది."

తల్లి పొయ్యి వంక చూసింది, కూతురి వంక చూసింది. ఏదో అనబోయి, మరదలి వైపు తిరిగి, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టినట్టు, "పోనీలే అమ్మాయ్, దాన్ని అలా పెంచింది నేనేగా," అంది. తర్వాత మెల్లగా దిళ్ళ మీద నుంచి కిందికి జారి, దుప్పటి భుజం దాకా లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది. కట్టె కొసన అప్పుడే మొదటి నురగ పొంగింది.

పెరట్లో ఎండ ఇంకా ఉంది. పెద్దక్క పరదా తీసి గోడకు ఆరేసింది. చూరు కింది కట్టెలు ఒక్కొక్కటే దించి, చీల్చిన ముఖం ఎండకు పెట్టి నేల మీద వరసలుగా పరిచింది. తడి చెక్క వేడెక్కి వాసన వేసింది. వీపు మీద ఎండ పడింది. లోపల జరిగింది కాసేపు మరిచిపోయింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, కట్టెల మీద నుంచి సన్నటి ఆవిరి లేస్తుంటే, చాలా రోజులకు ఆమెకు బాగుందనిపించింది.

గోడ అవతల తల్లి దగ్గు మొదలైంది. ఒకసారి పెద్దగా, తర్వాత తెరలు తెరలుగా. కిటికీ రెక్క తెరిచిన చప్పుడు, మరదలు ఏదో అంటున్న చప్పుడు. ఆ తర్వాత దగ్గు ఆగిపోయింది. అమ్మయ్య అనుకుంది పెద్దక్క. కునుకు పట్టి ఉంటుంది.

పెరటి గుమ్మంలో మరదలు వచ్చి నిలబడింది.

"వదినా, లోపలికి రా."

మళ్ళీ ఆ కట్టె గొడవేననుకుంది. వెనక్కి తిరక్కుండానే, ఈ వరస అవనీ, వస్తానంది. మరదలు రెండోసారి పిలవలేదు. వెళ్ళిపోనూ లేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దక్క చేతిలోని కట్టె పెట్టింది, ఇంకోటి తీసి పెట్టింది, వరస చివరిదాకా పూర్తి చేసింది. చేతులు దులుపుకుని లేచి, అప్పుడు మరదలి మొహం చూసింది.

ఆ తర్వాత జరగవలసినవన్నీ వాటంతటవే జరిగాయి. పనిచేసే డిపో నుంచి తమ్ముడు వచ్చాడు. బడి నుంచి మేనకోడలు వచ్చి, సంచీ తియ్యకుండానే, నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, తల్లి ఎంత పెద్దవయసుదో, ఎవరి చేతా చేయించుకోకుండా ఎంత సులువుగా పోయిందో చెప్పుకుని, కొంగులతో కళ్ళద్దుకుని, తమ ఇళ్ళలో ఎండకు పెట్టినవి గుర్తొచ్చి ఒక్కొక్కరే లేచారు. లాండ్రీ నుంచి ఇద్దరు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. మధ్యాహ్నం మొద్దులు బయటికి లాగిన సంగతి మరదలు ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. ఎప్పటికీ చెప్పదని పెద్దక్కకు అర్థమైంది. చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

పొద్దు వాలేవేళకు మబ్బు మళ్ళీ కమ్మింది. పెంకుల మీద ముందు ఒకటీ అరా, తర్వాత తెరిపి లేకుండా చినుకులు. పెరట్లో కట్టెలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పరదా గోడ మీదే ఉంది. తమ్ముడు అలవాటు కొద్దీ గబుక్కున లేచాడు.

"కూర్చోరా," అంది పెద్దక్క.

"తడిసిపోతాయక్కా అన్నీ."

"తడవనీ."

అతను ఒకసారి అక్కను, ఒకసారి పెళ్ళాన్ని చూసి కూర్చున్నాడు. వాన కట్టెల మీద పడుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. పెంకుల మీది చప్పుడు వేరు, చెక్క మీది చప్పుడు వేరు. పెద్దక్క రెండూ విడివిడిగా వింటోంది.

మరదలు కిటికీ రెక్క వెయ్యడానికి లేచి, అక్కడే ఆగిపోయింది. గట్టు మీద మూత పెట్టిన గ్లాసు ఒకటి ఉంది. దాన్ని తీయబోయి తియ్యలేదు.

"ఇవ్వాళ పాలడిగి తాగింది," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "సగం తాగి, మిగతావి నీకని మూత పెట్టించింది వదినా. ఎండలో పరిగెత్తుకొస్తుంది, వెచ్చగా ఉండగానే ఇవ్వమంది. నువ్వొచ్చావు, నేనిచ్చేలోపు..." అని ఊరుకుంది.

పెద్దక్క లేచి మంచం దగ్గరకు వెళ్ళి, వేలాడుతున్న దుప్పటి అంచు సర్ది, అక్కడే నేల మీద కూర్చుంది. తమ్ముడు, మరదలు, మేనకోడలు ముగ్గురూ ఎదురుగా ఉన్నారు. వాళ్ళతో ఆమె రోజూ పనికి వెళ్ళేముందు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"మంచం కింద ఉన్నదంతా రేపు తీసెయ్యండి. వెనక వరసతో సహా. ఇకనుంచి ఈ ఇంట్లో ముందు ఎండుదే మండాలి. అయిపోతే అయిపోయింది. పొయ్యి ఇక మరదలిది. నేను కట్టె ముట్టుకోను."

మేనకోడలు భుజాన ఉన్న బడి సంచీని అప్పుడు తీసి పక్కన పెట్టింది. పొయ్యిలో సగం కాలిన కట్టె తనంతట తనే ఆరిపోయింది.

కిటికీ గట్టు మీద, మూత కింద, సగం గ్లాసు పాలు మీగడ కట్టి చల్లారి ఉన్నాయి.